సూక్ష్మనేత్ర శిశువుల్లో శుక్లాల శస్త్రచికిత్స
పుట్టుకతోనే కనుగుడ్డు చిన్నదిగా ఉన్న పిల్లల్లో శుక్లాన్ని తొలగించే చికిత్స. నెలలు నిండి పుట్టిన శిశువు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. ఈ పిల్లల్లో అంతకంటే బాగా తక్కువ. గర్భిణికి సోకే రుబెల్లా ఈ లోపాలకు ఒక ముఖ్య కారణం. ఆ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ బయటపెట్టాడు. రుబెల్లా వల్ల వచ్చే అంధత్వాన్ని టీకాతో నివారించవచ్చు.

మత్తు ఇచ్చి, నల్లగుడ్డు అంచున సన్నని కోత పెట్టి, మసకబారిన కటకాన్ని తునకలుగా పీల్చేస్తారు. కటకం వెనక పొరకు రంధ్రం చేసి, దాని వెనకున్న జిగురు పదార్థాన్నీ కొంత తీస్తారు. లేదంటే చూపు దారి త్వరలోనే మూసుకుపోతుంది. ఇంత ఇరుకు కంట్లో కృత్రిమ కటకం సాధారణంగా పెట్టరు. మందపాటి కళ్లద్దాలో కాంటాక్ట్ లెన్సులో వాడాలి. ఆలస్యమైతే మెదడు చూడడం నేర్చుకోదు కనుక తొలి వారాల్లోనే ఆపరేషన్ మేలు; కానీ మరీ ముందైతే నీటికాసుల (గ్లాకోమా) ముప్పు పెరుగుతుంది. అది ఏళ్ల తర్వాతా రావచ్చు కాబట్టి జీవితాంతం కంటి ఒత్తిడి పరీక్షించాలి.