కోర్టు ఖర్చు ఎవరి జేబులోంచి?

1998 నవంబరు 22న మాదాపూర్‌లో ప్రధాని వాజపేయి ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత ప్రభుత్వం ఒక్కో సదుపాయమే దాని వెంట తెచ్చింది. 2003లో సైబరాబాద్‌కు సొంత పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2016లో అందులోంచి రాచకొండ వేరుపడింది. 2019లో మెట్రో రాయదుర్గం దాకా చేరింది. రంగారెడ్డి జిల్లా ప్రధాన కోర్టు మాత్రం నగరానికి అవతలి కొసన, ఎల్బీ నగర్‌లోనే ఉండిపోయింది. కమర్షియల్ కోర్టు కూడా అక్కడే. గచ్చిబౌలిలో చిన్న కంపెనీ నడుపుకునే మనిషి రావలసిన బిల్లు కోసం దావా వేస్తే రాయదుర్గంలో మెట్రో ఎక్కాలి, అమీర్‌పేటలో మారాలి, ఎల్బీ నగర్‌లో దిగాలి. కేసు వాయిదా పడిందంటే మరో రోజు మళ్లీ అదే ప్రయాణం.

ఏ ఒక్క ప్రభుత్వాన్నో తప్పుపట్టి వదిలేసే సంగతి కాదిది. కోర్టు పెట్టడానికయ్యే ఖర్చును మన పాలకులు వందేళ్లుగా ఎలా లెక్కవేస్తున్నారో చూస్తే తప్ప అర్థం కాదు.

మూసీ ఒడ్డున హైకోర్టు కట్టడం 1915 ఏప్రిల్‌లో మొదలై 1919 మార్చిలో ముగిసింది. జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ నమూనా గీస్తే స్థానిక ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ కట్టించారు. 1920 ఏప్రిల్ 20న ఏడో నిజాం ప్రారంభించారు. ఎర్రరాయి, గుమ్మటాలు చూసి అందరూ మెచ్చుకున్నారు, ఇప్పటికీ మెచ్చుకుంటున్నాం. నా దృష్టిలో అంతకంటే పెద్ద పని మరుసటి ఏడాది జరిగింది. న్యాయవ్యవస్థను పాలనా యంత్రాంగం నుంచి విడదీస్తూ 1921లో ఫర్మానా వెలువడింది. రెవెన్యూ అధికారే తీర్పరిగా కూడా ఉంటే ఒక జీతంతో రెండు పనులు నడిచిపోతాయి. విడదీస్తే రెండు జీతాలు, రెండు కచేరీలు, ఇద్దరి కింద సిబ్బంది. భవనానికి ఒక్కసారి పెడితే అయిపోతుంది, ఈ ఖర్చు ఏటా వస్తూనే ఉంటుంది. కొత్త కోర్టు ఫైలు దగ్గర ఆర్థిక శాఖ వెనకాడేది నేటికీ ఈ రెండో ఖర్చును చూసే.

1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. నగరం చుట్టూ ఉంగరంలా పరుచుకున్న జిల్లా అది. అందులో ఏ మూల కోర్టు పెట్టినా ఎదుటి మూలకు దూరమే. అప్పట్లో మాదాపూర్ అంటే రాళ్ల గుట్టలు, చేలు. పడమటి వైపు దావాలు ఇంత పెరుగుతాయని ఆనాడు ఎవరూ అనుకోలేదు. కూకట్‌పల్లిలో, రాజేంద్రనగర్ దగ్గర ఉప్పర్‌పల్లిలో కింది కోర్టులు వచ్చాయి గానీ జిల్లా జడ్జి స్థానం తూర్పునే నిలిచిపోయింది.

కొత్త కోర్టు ఫైలు హైకోర్టు ప్రతిపాదనతో మొదలై, న్యాయశాఖ మీదుగా ఆర్థిక శాఖకు చేరి, అక్కడ ఆమోదం దొరికితే జీవోగా బయటికొస్తుంది. ఆ జీవోలో జడ్జి ఒక్కరి పోస్టే ఉండదు. సూపరింటెండెంటు, బెంచి క్లర్కు, స్టెనో, టైపిస్టు, నకళ్లు తీసేవారు, సమన్లు అందజేసే ప్రాసెస్ సర్వర్, అటెండర్లు కూడా ఉంటారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ వేరే. వీరిలో ఒక్కరి పోస్టు ఖాళీగా ఉన్నా జడ్జి పని ఆగుతుంది. ప్రాసెస్ సర్వర్‌నే తీసుకోండి. టెక్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు, రిసెప్షన్‌లో ఆ కంపెనీ ఇక్కడినుంచి వెళ్లిపోయిందంటారు. సమను అందకుండానే తిరిగొస్తుంది, దాంతో మరో వాయిదా. ఆ ప్రాసెస్ సర్వర్ జీతం మిగిల్చి ప్రభుత్వం బాగుపడేదేమీ లేదు.

జడ్జీల జీతాలు చాలాకాలం తక్కువగానే ఉన్నాయి. తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామ రెడ్డి అధ్యక్షతన రెండో జాతీయ న్యాయ వేతన సంఘం చేసిన సిఫార్సులను 2022లో సుప్రీంకోర్టు ఆమోదించింది. జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం రూ.27,700 నుంచి రూ.77,840కి, జిల్లా జడ్జిది రూ.51,550 నుంచి రూ.1,44,840కి పెరిగింది. 2016 జనవరి 1 నుంచే వర్తింపు. అది న్యాయమే. కాకపోతే ఆ మేరకు ప్రతి కొత్త కోర్టూ రాష్ట్ర ఖజానాకు మరింత బరువైంది.

కేంద్రం వాటా సంగతి చూద్దాం. కోర్టు భవనాలకు 1993-94 నుంచి ఒక పథకం ఉంది. ఇప్పుడు మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. మన హైదరాబాదీ ఎ.ఎం. ఖుస్రో అధ్యక్షుడిగా ఉన్న పదకొండో ఆర్థిక సంఘం 1,734 ఫాస్ట్ ట్రాక్ కోర్టులకు రూ.502.90 కోట్లు సిఫార్సు చేసింది. 2011 మార్చి 31తో కేంద్రం ఆ సాయం నిలిపేసింది, కోర్టులను నడుపుకునే భారం రాష్ట్రాలపై పడింది. వై.వి. రెడ్డి సారథ్యంలోని పద్నాలుగో సంఘం న్యాయవ్యవస్థ కోసం వచ్చిన రూ.9,749 కోట్ల ప్రతిపాదనలను సమర్థించినా విడిగా గ్రాంటు ఇవ్వలేదు. పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచి, అందులోంచి ఖర్చు పెట్టుకోమంది. పెరిగిన వాటా మీద అన్ని శాఖల కన్నూ ఉంటుంది. ఓట్లు తెచ్చే పద్దుల మధ్య కోర్టు గొంతు వినిపించదు. ఢిల్లీ, చండీగఢ్ మినహా ఏ రాష్ట్రమూ తన వ్యయంలో ఒక శాతానికి మించి న్యాయవ్యవస్థకు ఇవ్వడం లేదని 2022 నాటి ఇండియా జస్టిస్ రిపోర్ట్ తేల్చింది.

ఈ చిక్కుకు ఒక మంచి మందు చెప్పింది కూడా తెలుగు న్యాయమూర్తే. సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దరిమిలా జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2008లో నివేదిక ఇచ్చింది. పార్లమెంటు కొత్త చట్టం చేసేటప్పుడే దానివల్ల ఎన్ని కేసులు పెరుగుతాయో, ఎన్ని కోర్టులు కావాలో అంచనా వేసి, ఆ డబ్బు కేంద్రమే ఇవ్వాలన్నది దాని సారాంశం. రాజ్యాంగం 247వ అధికరణం కేంద్ర చట్టాల అమలుకు అదనపు కోర్టులు పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చే ఉంది. చెక్ బౌన్స్ చట్టం కేంద్రానిది, 1989 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కమర్షియల్ కోర్టుల చట్టమూ కేంద్రానిదే. 2018లో దాని పరిధిని కోటి రూపాయల నుంచి మూడు లక్షలకు దించారు. దించిన కలం కేంద్రానిదైతే జడ్జికీ గుమాస్తాకూ జీతమిచ్చే చేయి రాష్ట్రానిది. ఐటీ కారిడార్‌లో ఈ రెండు చట్టాల కిందా కేసులు పుడతాయి కాబట్టి జగన్నాథరావు నివేదికను అటకెక్కించడం నాకు కోపం తెప్పిస్తుంది.

2022 జూన్ 2న, తెలంగాణ అవతరణ దినాన, అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలను ప్రారంభించారు. రెవెన్యూ జిల్లాలు 33 అయ్యాయి కనుక న్యాయ జిల్లాలూ వాటికి సరిపోయాయి. ములుగు, నారాయణపేట వంటి చోట్ల అది నిజమైన మేలు. సైబరాబాద్‌కు ఒరిగింది తక్కువ. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి వైపు పోయింది, శేరిలింగంపల్లి రంగారెడ్డిలోనే మిగిలింది. ఒకే రోడ్డు మీది ఆఫీసులు రెండు జిల్లా కోర్టుల కిందికి వచ్చాయి.

భూమి ధర సంగతి ఇంకా పెద్దది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో రూ.177 కోట్లు. ఆ ధరన ఐదెకరాల కోర్టు ప్రాంగణమంటే రూ.885 కోట్ల భూమి. ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించని ఈ అంకె ఏ అధికారినైనా వెనక్కి లాగుతుంది. అయినా తలుచుకుంటే భూమి దొరుకుతుంది. 2024 మార్చి 27న రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమిలో నూరెకరాల్లో కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది, విద్యార్థులు వద్దన్నా. రాయదుర్గంలోనే అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రానికి ప్రభుత్వం భూమి ఇచ్చింది. 2025 జూన్‌లో హైకోర్టు ఆ కేటాయింపును కొట్టేసిందనుకోండి.

ఆ కేంద్రం 2021 డిసెంబరులో మొదలైంది సొంత భవనంలో కాదు, నానక్‌రామ్‌గూడ వీకే టవర్స్‌లో. కమర్షియల్ కోర్టూ అలాగే నడవొచ్చు. దానికి లాకప్ అక్కర్లేదు, నేరాల సొత్తు దాచే గది అక్కర్లేదు. ఒక జడ్జి, పూర్తి సిబ్బంది, రికార్డు గది, వకీళ్లు కూర్చునే హాలు ఉంటే చాలు. ఎల్బీ నగర్ కమర్షియల్ కోర్టుకు తోడుగా మరొకటి ఈ కారిడార్‌లో ఏదో ఒక భవనంలో అద్దెకు పెట్టడానికి ఎకరాలు వేలంలో వదులుకోనక్కర్లేదు. పోస్టులు మంజూరు చేసే జీవో ఒక్కటి కావాలి, ఆ పోస్టులను నింపాలి.