కపాలము వెలుపలి నుండి

మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచు వాడుక మన పల్లెలలో నేటికిని పూర్తిగ పోలేదు. ఇనుమునకు మూర్ఛను ఆపు శక్తి లేదు. సాధారణముగ రెండు మూడు నిమిషములలో మూర్ఛ తనంతట తానే శమించును; కీర్తి మాత్రము ఇనుమునకు దక్కును. ఈ వ్యాధి పెక్కుమందికి మందులతోనే అదుపులో నుండును గాని, ఇంచుమించు మూడవవంతు మందికి మందులు చాలవు. అట్టివారిలో కొందఱికి, మూర్ఛ మెదడులో ఏ చోట పుట్టుచున్నదో కనుగొని ఆ భాగమును తొలగించినచో విముక్తి కలుగును. ఆ చోటు ఏదో తెలిసికొనుటయే కష్టము. చోటు తప్పినచో మూర్ఛ నిలిచియుండును, మాటయో చేతిసత్తువయో పోవును.

1886 మే నెలలో లండను నగరమున విక్టర్ హార్స్‌లీ అను శస్త్రవైద్యుడు ఒక యువకుని కపాలమును తెఱచి మూర్ఛకు చికిత్స చేసెను. ఆయనకు దారి చూపినవి రెండే: చిన్ననాటి గాయపు మచ్చ, మూర్ఛ శరీరమున ఏ భాగమునుండి ఆరంభమగుచున్నదను గమనిక. ఈ రెండవదానిని వైద్యులకు నేర్పినవాడు హ్యూలింగ్స్ జాక్సన్. మచ్చ లేనివాని మాట యేమి? అతని మెదడు లోపల జరుగునది బయటికి వినబడవలెను.

అట్లు విన్నవాడు జర్మనీలోని యేనా నగరపు మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయన ఉద్దేశము మూర్ఛ కానేకాదు. యౌవనమున సైన్యములో నుండగా గుఱ్ఱముమీదినుండి పడి త్రుటిలో ప్రాణాపాయము తప్పించుకొనెను. అదే దినమున దూరముననున్న సోదరి కారణము తెలియని కలవరము చెంది తండ్రిచేత తంతి యిప్పించెను. ఒకరి మనస్సు మఱియొకరికి ఎట్లు తెలిసెనని ఆయన జీవితాంతము వెదకెను. ఆ వెదకినది దొరకలేదు. మెదడు విద్యుత్తు దొరకెను! 1924లో, శస్త్రచికిత్సవలన కపాలమున కొంత యెముక లేని ఒక యువకునినుండి మొదటి గీతలు లభించెను. తరువాత కన్నకుమారుని తలమీదను పరీక్షించి, ఐదేండ్లు తన్ను తానే శంకించుకొని, 1929లో ప్రకటించెను. లోకము నమ్మలేదు.

నమ్మించినది కేంబ్రిడ్జి. నోబెల్ బహుమానము నందిన ఏడ్రియన్, ఆయన సహచరుడు మాథ్యూస్, 1934లో శాస్త్రజ్ఞుల సభలో ఈ ప్రయోగమును చేసి చూపిరి. కన్నులు మూసికొని ఏడ్రియన్ తానే కూర్చుండెను. సెకనుకు పదిసార్లు తరంగములు లేచెను. కన్నులు తెఱవగనే మాయమయ్యెను. అదే సభలో ఒక నీటిపురుగు మెదడును గూడ అట్టి తరంగములు చూపెనట. ఈ సూక్ష్మమైన విద్యుత్తును పెద్దది చేసినవి వాల్వులు. ఆనాడు ఇంటింటి రేడియో పెట్టెలో వెలుగుచుండినవియు వాల్వులే గదా! మా వృత్తివారికి ఈ బంధుత్వము కొంత గర్వము కలిగించుట సహజము.

1935లో బోస్టనులో గిబ్స్, డేవిస్, లెనాక్స్ కొందఱు పిల్లలకు క్షణకాలము స్పృహ తప్పునపుడు సెకనుకు మూడు చొప్పున లేచు విచిత్ర తరంగములను చూచిరి. ఆ రకపు మూర్ఛ కత్తికి లొంగునది కాదు. కాని మూర్ఛకు ఒక చేవ్రాలు కలదని తేలెను. కెనడాలోని మాంట్రియలులో శస్త్రవైద్యుడు పెన్‌ఫీల్డ్ మొదట సందేహించినను, హెర్బర్ట్ జాస్పర్ అను శాస్త్రజ్ఞుని 1937లో తనవద్దకు రప్పించుకొనెను. 1951లో షికాగోలో బెయిలీ, గిబ్స్ కేవలము ఈ గీతలనే ప్రమాణముగ గొని కణతవైపు మెదడుభాగమును తొలగించిన వృత్తాంతమును ప్రకటించిరి. కంటికి ఏ దోషమును కనబడనిచోట కాగితముమీది గీతను నమ్మి కత్తి పట్టుట! అది ఎంత సాహసమో ఊహింపవచ్చును. మాంట్రియలులో శిక్షణ నొందిన జేకబ్ చాండీ 1949లో మన చిత్తూరుకు చేరువనున్న వేలూరులో నాడీ శస్త్రవిభాగమును నెలకొల్పి, 1952లో మూర్ఛకు శస్త్రచికిత్స చేసెను.

అయినను చిక్కు తీరలేదు. గోడ వెలుపల నిలుచుండి లోపలి సభలో ఎవరు మాటాడుచున్నారో చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఎముక విద్యుత్తును చెదరగొట్టును. అంతేకాక, బయట కనబడు ఒకే రూపము లోపలి అనేక మూలములనుండి పుట్టగలదని హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే నిరూపించెను. గణితము వేసిన ఈ ముడి నేటికిని విడలేదు. అందుచేతనే పారిసులో తలైరాక్, బాంకో యను వైద్యులు సన్నని తంత్రులను మెదడులోనికే దింపి వినసాగిరి.

విద్యుత్తు ప్రవహించుచోట అయస్కాంత క్షేత్రముండును, దానిని ఎముక అంతగ చెదరగొట్టదు. అయితే మెదడు క్షేత్రము భూమి క్షేత్రములో కొన్నికోట్లవంతు మాత్రమే. 1968లో అమెరికాలో డేవిడ్ కోహెన్ రాగితీగ చుట్టతో దానిని పట్టెను. 1972లో, ద్రవ హీలియములో సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో పనిచేయు స్క్విడ్ అను సాధనముతో స్పష్టముగ పట్టెను. 1982లో లాస్ ఏంజిలీసు పరిశోధకులు దీనితో మూర్ఛరోగుల మెదడులో విపరీత తరంగములు పుట్టుచోటును గుర్తించిరి. ఆ యంత్రము పెద్దది, దాని శిరస్త్రాణము కదలదు. పసిబిడ్డ తల అందులో కుదరదు. 2018లో బ్రిటనులో హీలియము అక్కఱలేని తేలిక శిరస్త్రాణమును ప్రదర్శించిరి. దానిని ధరించినవారు తల కదల్చవచ్చును.

నేడు డాక్టరేటు పట్టమునకై పరిశోధించు యువకులు పలువురు ఈ ముడితోనే పెనగులాడుచున్నారు. శస్త్రచికిత్సకు ముందు బయటినుండి లెక్కగట్టిన చోటేది, వైద్యుడు తొలగించిన చోటేది, తరువాత మూర్ఛ నిలిచెనా లేదా—ఈ మూడింటిని రోగివెంట రోగిగ పోల్చి చూచుట వారి పని. మెదడు అట్టడుగున పుట్టు మూర్ఛను మాత్రము అయస్కాంత సాధనమును సరిగ వినజాలదు. అట్టి రోగులకు నేటికిని కపాలమున చిన్న రంధ్రము చేసి తంత్రిని లోపలికి పంపుచునే యున్నారు.