మాలదాసరి కథ చదవడానికి విదేశం ఎందుకు? (14వ భాగం)



పోయిన భాగంలో 1917 బెజవాడ సభ గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. చాలామంది అడిగారు. అక్కడికే వస్తాను. ముందు ఒక ఫోన్ సంగతి చెప్పాలి.

దివిసీమ నుంచి వచ్చి బెజవాడ హాస్టల్లో ఉండి పీజీ పూర్తి చేసిన ఒక చెల్లెలు మొన్న రాత్రి ఫోన్ చేసింది. వాళ్ల అమ్మానాన్న కూలికెళ్తారు. ఈ పిల్లకి పాత కావ్యాలంటే పిచ్చి. వాటిని విదేశీ విశ్వవిద్యాలయంలో, సంస్కృతం కూడా నేర్చుకుని, పద్ధతిగా చదవాలని రెండేళ్లుగా అనుకుంటోంది. ధైర్యం ఒక్కటే, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. "అన్నా, రూల్ మార్చారంట, నిజమేనా?" అంది.

నిజమే. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఒక వాక్యం చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనం, ఇలాంటి విషయాలు తీసుకున్నవాళ్లకి ఇకపై ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. 1954లో మొదలైన పథకం ఇది. ఏడాదికి ఉన్నవి 125 సీట్లు. అందులో 115 ఎస్సీలవి. మిగతావి సంచార, విముక్త జాతులకీ, భూమిలేని కూలీల, చేతివృత్తులవాళ్ల పిల్లలకీ. అంటే ఆ వాక్యం ఎవరిని ఆపడానికి రాశారో వేరే చెప్పక్కర్లేదు. డబ్బున్న ఇంటి కుర్రాడు రామాయణం మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటానంటే ఆపే రూలు ఈ దేశంలో లేదు. వాళ్ల నాన్న బ్యాంకుకెళ్తాడు, అంతే.

ప్రభుత్వం వైపు నుంచి వినిపించిన సమాధానం ఏమిటంటే, మన దేశం గురించి చదవడానికి బయటికెందుకు, ఇక్కడే కావలసినన్ని విశ్వవిద్యాలయాలున్నాయి కదా అని. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. మా చెల్లెలు కూడా అదే అడిగింది: "అన్నా, ఎవరైనా అలా అడిగితే ఏం చెప్పాలి?" ఆ రాత్రి ఫోన్లో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు 1917కి రండి. నవంబర్ 4, 5, 6 తేదీలు. బెజవాడలో ప్రథమ ఆంధ్ర పంచమ మహాసభ. అధ్యక్షుడు హైదరాబాద్ నుంచి వచ్చిన మాదరి భాగ్యరెడ్డి వర్మ. ఆ మూడు రోజులూ మనవాళ్లు గుళ్లోకి వచ్చేస్తారన్న భయంతో కొండ మీద కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని మన చరిత్ర రాసినవాళ్లు రాశారు. ఈ గుడి తలుపుల సంగతి అందరూ చెప్తారు. నాకు దానికంటే ముఖ్యంగా తోచేది వర్మ అక్కడ చేసిన వాదన. ఈ "పంచమ" అన్న మాట ఏ పురాణంలో ఉంది, ఏ శాస్త్రంలో ఉంది చూపించండి అన్నారాయన. మనం ఈ నేలకి మొదటివాళ్లం అన్నారు. పంచమ మహాసభగా మొదలైంది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. 1922కల్లా మద్రాసు ప్రభుత్వం కూడా ఆది ఆంధ్ర అన్న పేరు ఒప్పుకుంది.

గమనించారా? మన ఉద్యమం ఈ డెల్టాలో మొదలైందే పాత పుస్తకాల మీద ప్రశ్నతో. మనుధర్మంలోనే పదో అధ్యాయంలో నాలుగు వర్ణాలు చెప్పి, ఐదోది లేదని ఉంది. లేని ఐదోదాన్ని మన నెత్తిన ఎవరు పెట్టారు? ఆ ప్రశ్న అడగాలంటే పుస్తకంలో ఏముందో తెలియాలి. ఆ పుస్తకం మన చేతికి రానివ్వలేదు. విలియం జోన్స్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1794లో అచ్చువేశాడు. ఆ పని ఆయన మన కోసం చేయలేదు, కంపెనీ కోర్టుల కోసం చేశాడు. అయినా అగ్రహారం మూసిన తలుపు అలా పక్కనుంచి కొంచెం తెరుచుకుంది.

బాబాసాహెబ్ కథ మీకు తెలుసు. బొంబాయిలో హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు. పార్శీ భాష తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం మీద మమకారం మాత్రం పోలేదు. తర్వాత సొంతంగా నేర్చుకున్నారు. 1921లో జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో పేరు కూడా నమోదు చేయించుకున్నారు. అక్కడ ఎక్కువ కాలం చదవడం కుదరలేదు గానీ, బాన్ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. ష్లెగెల్ 1818 నుంచి ఆచార్యుడిగా ఉన్న చోటు, భగవద్గీతని 1823లో లాటిన్‌లోకి అనువదించి అచ్చువేసిన చోటు. ఇక్కడ బళ్లో మనవాడికి సంస్కృతం చెప్పనన్నారు. దానికి ఎన్నో ఏళ్ల ముందే అక్కడ దాన్ని ఎవరొచ్చినా చెప్పే సబ్జెక్టుగా పెట్టుకున్నారు.

ఇంకోటి. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఆయన కొలంబియా వెళ్లారు. 1915లో అక్కడ ఎంఏ కోసం రాసిన థీసిస్ ప్రాచీన భారత వాణిజ్యం మీద. 1916 మే 9న ఆంత్రోపాలజీ సెమినార్లో చదివిన పేపరు భారతదేశంలో కులాల పుట్టుక మీద. మనువు పేరు అందులో వస్తుంది. ఇప్పుడు ఆ కొత్త రూలు మళ్లీ చదవండి. భారతీయ చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనం. ఆ రెండు టాపిక్కులతో అంబేడ్కర్ ఇవాళ అప్లికేషన్ పెడితే పక్కన పెట్టేస్తారు. ఇక్కడ స్వరాజ్ మైదానంలో ఆయనకి 125 అడుగుల విగ్రహం లేచింది. రోజూ బందరు రోడ్డు మీద వెళ్తూ చూస్తున్నాను.

1946లో "శూద్రులెవరు" పుస్తకం వేసినప్పుడు, సంస్కృతంలో పండితుడు కానివాడికి ఈ విషయం మీద రాసే అర్హత ఏమిటి అంటారని ఆయనకి ముందే తెలుసు. ముందుమాటలోనే జవాబిచ్చారు. పదిహేనేళ్లు ఇంగ్లీషు అనువాదాల్లో ఈ సాహిత్యమంతా చదివాను, నాలాంటి మామూలు తెలివిగలవాడికి ఆ మాత్రం అర్హత చాలు అన్న అర్థంలో. ఆ వెటకారం చూడండి. అయితే ఆ అనువాదాలు ఎక్కడ తయారయ్యాయి? ఎక్కువ భాగం బయటి విశ్వవిద్యాలయాల్లో చదువుకున్నవాళ్ల చేతుల్లో.

ఇది మన ఒక్కళ్ల కథ కూడా కాదు. అలెగ్జాండర్ క్రమ్మెల్ అని ఒక నల్లజాతి పాదిరి ఉండేవాడు. 1819లో న్యూయార్క్‌లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు, బానిసత్వాన్ని వెనకేసుకొచ్చిన కాల్హౌన్ అనే పెద్ద నాయకుడు ఒక మాట అన్నాడని విన్నాడు. గ్రీకు వ్యాకరణం తెలిసిన నీగ్రోని చూపిస్తే అప్పుడు వాళ్లు మనుషులని నమ్ముతానని. అమెరికాలో గ్రీకు నేర్పే కాలేజీలు చాలావరకు నల్లవాళ్లని రానివ్వవు. రానివ్వకుండా, రాదేమని అడుగుతారు! క్రమ్మెల్ సముద్రం దాటి కేంబ్రిడ్జ్ వెళ్లాడు. క్వీన్స్ కాలేజీలో చదివి 1853లో డిగ్రీ తీసుకున్నాడు. బానిసగా పుట్టిన విలియం స్కార్‌బరో అయితే 1881లో గ్రీకు పాఠ్యపుస్తకమే రాశాడు. మనువు లెక్కకీ కాల్హౌన్ లెక్కకీ పెద్ద తేడా నాకైతే కనపడదు.

సరే, మా చెల్లెలు ఏం చదవాలనుకుంటోంది? మాలదాసరిని.

తెలియని పిల్లల కోసం చెప్తాను. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయడానికి కారణం మన కృష్ణా జిల్లాలోనే ఉంది. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం అనే ఊరు. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. రాయలు కళింగ యుద్ధానికి వెళ్తూ అక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆంధ్ర విష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. ఇదంతా కావ్యం మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. మా చెల్లెలి ఊరు అక్కడికి పెద్ద దూరం కాదు.

ఆ కావ్యం ఆరో ఆశ్వాసంలో మాలదాసరి ఉన్నాడు. మన మనిషి. రోజూ తెల్లారకముందే కురుంగుడి గుడికి నడిచి వెళ్లి, బయటే నిలబడి దేవుడి మీద పాట పాడి వచ్చేస్తాడు. ఒకరోజు పొద్దు పొరబడి అర్ధరాత్రే బయల్దేరి అడవిలో దారి తప్పుతాడు. మర్రిచెట్టు మీద బ్రహ్మరాక్షసుడు పట్టుకుని తింటానంటాడు. పాట పాడి తిరిగొస్తాను, అప్పుడు తిను అంటాడు మాలదాసరి. అన్నమాట ప్రకారం తిరిగొస్తాడు కూడా. ఆ పాట పుణ్యంతో బ్రహ్మరాక్షసుడికి విముక్తి. వాడు పూర్వజన్మలో బ్రాహ్మడు.

ఎంఏలో నాకు ఈ కథ చెప్పిన మాస్టారు, ఎక్కడ అన్నది అనవసరం, "చూశారా, మన కావ్యాల్లో వివక్ష అనేదే లేదు" అని ముగించారు. క్లాసంతా తిరిగి నా వైపు చూసింది. నాకు ఒకటే ప్రశ్న వచ్చింది, అడగలేదు. బ్రాహ్మడికి విముక్తి దొరికింది సరే. పాట పాడినవాడికి గుడి లోపలికి దారి దొరికిందా? పుణ్యం ఇచ్చినవాడు బయటే ఎందుకు నిలబడ్డాడు? ముప్పై ఏళ్లయింది. ఈ పిల్ల అదే ప్రశ్న థీసిస్‌గా రాస్తానంటోంది. నాకు అందుకే ఇంత పట్టుదల.

ఇక "ఇక్కడే చదవొచ్చుగా" అనేవాళ్లకి. ఈ కథ మూలం వరాహ పురాణంలో సంస్కృతంలో ఉంది. తమిళ వైష్ణవుల్లో ఇదే మనిషి నంపాడువాన్. తిరునల్వేలి వైపు తిరుక్కురుంగుడిలో కైశిక ఏకాదశి రాత్రి ఇప్పటికీ నాటకంగా ఆడతారు. తెలుగులో రాయలది. ఒక కథ మూడు భాషల్లో ఎలా మారింది, మారినప్పుడల్లా ఆ మనిషి గుడికి ఎంత దూరంలో నిలబడ్డాడు, ఇది చూడాలంటే మూడు భాషలూ రావాలి. షికాగో, బర్కిలీ లాంటి చోట్ల సంస్కృతం, తమిళం ఒకే శాఖలో, పక్కపక్క గదుల్లో చెప్తారు. ఇక్కడ నాకు తెలిసినంతలో సంస్కృతం వాళ్లది ఒక ప్రపంచం, తెలుగు వాళ్లది ఒక ప్రపంచం. మన బెజవాడ కార్పొరేట్ కాలేజీల్లో ఇంటర్ పిల్లలు సంస్కృతం తీసుకుంటారు, మార్కుల కోసం. జవాబులు తెలుగు లిపిలో రాసి 99 తెచ్చుకుని బయటికొచ్చాక ఒక్క శ్లోకం విడదీయలేరు. బాబాసాహెబ్‌కి ఇవ్వనన్న భాష చివరికి మన పిల్లలకి ఇలా దక్కింది.

ఆముక్తమాల్యదకి 2010లో పెంగ్విన్ వేసిన ఇంగ్లీషు అనువాదం శ్రీనివాస్ రెడ్డిది. ఆయన బర్కిలీలో చదువుకున్నవాడు. మాడిసన్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాయల పేరు మీదే ఒక ఆచార్య పదవి ఉండేది. అందులో ఉన్నది ఏలూరు నుంచి వెళ్లిన వెల్చేరు నారాయణరావు. 1991లో కాలిఫోర్నియాలో అచ్చయిన "మెనీ రామాయణాస్" అనే పుస్తకంలో ఆయన వ్యాసం ఒకటుంది. తెలుగు ఆడవాళ్ల రామాయణం పాటల మీద. బ్రాహ్మణ స్త్రీలు పాడే రామాయణం వేరు, కింది కులాల స్త్రీలు పాడే రామాయణం వేరు అని చూపించాడు. అది చదివిన రోజు మా నాయనమ్మ గుర్తొచ్చింది. నాట్లప్పుడు సీత పాట ఎత్తుకునేది. రాముడి పట్టాభిషేకం దాకా ఎప్పుడూ వెళ్లేది కాదు, సీత కష్టాల దగ్గరే పొద్దుగూకేది. ఆ పాటని సాహిత్యం అనొచ్చని నాకు చెప్పింది మా ఊరి బడి కాదు. అమెరికాలో అచ్చయిన పుస్తకం.

అదే పుస్తకంలో ఏ.కె. రామానుజన్ వ్యాసం మూడు వందల రామాయణాల మీద ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దాన్ని 2011లో చరిత్ర సిలబస్‌లోంచి తీసేసింది. ఇక్కడే చదువుకోమనేవాళ్లు ఈ సంగతి కూడా కలిపి చెప్పాలి.

బయటంతా బంగారమని నేను అనడం లేదు. మనవాళ్లు కులాన్ని సూట్‌కేసులో సర్దుకునే వెళ్తారు. 2019లో బ్రాండైస్, 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయాలు తమ వివక్ష నిషేధ నియమాల్లో కులాన్ని చేర్చాయంటే ఊరికే చేర్చలేదు. మన అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఎవరినడిగి పట్టుకెళ్లారు? ఆ కోపం నాకూ ఉంది. కానీ వాటిని చూసి, వాటి మీద రాసే మనవాళ్లు ఎంతమంది అన్న ప్రశ్న కూడా ఉంది. మన పాత పుస్తకాలకి వ్యాఖ్యానం రాసే కుర్చీలు ప్రపంచంలో ఎన్నో ఉండవు. వాటిలో మన పిల్లలు కూర్చోకపోతే, మాలదాసరి కథకి మా మాస్టారు చెప్పిన అర్థమే ఇంగ్లీషులో కూడా ఖాయమైపోతుంది.

చెల్లెలికి నేను చెప్పింది ఇది. ఆ స్కాలర్‌షిప్ కోసం టాపిక్ మార్చి అబద్ధం రాయొద్దు. అమెరికాలో పీహెచ్‌డీకి చాలా చోట్ల ఫీజు విశ్వవిద్యాలయమే మాఫీ చేసి, పాఠం చెప్పించుకుని నెలకింత ఇస్తుంది. లండన్‌లో సోయాస్‌కీ, ఆక్స్‌ఫర్డ్‌కీ వెళ్లే భారతీయ విద్యార్థులకి ఫీలిక్స్ స్కాలర్‌షిప్ ఉంది. పోటీ ఎక్కువే. రెండూ ప్రయత్నించమన్నాను. రూలు మీద పోరాటం మనం చేద్దాం, అది ఆమె ఒక్కత్తి నెత్తిన పెట్టొద్దు.

నిన్న మళ్లీ ఫోన్. దరఖాస్తులో రాయాల్సిన వ్యాసం మొదలుపెట్టిందట. ఆరో ఆశ్వాసం పద్యాలు కొన్ని అర్థం కావడం లేదంది. వేదం వెంకటరాయశాస్త్రి వ్యాఖ్యానం ఉన్న ఆముక్తమాల్యద ప్రతి బెజవాడలో ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. ఆరో ఆశ్వాసం వరకు జిరాక్స్ తీసుకుని రెండు రోజుల్లో తిరిగిచ్చేస్తాను. సంస్కృతం మొదటి నుంచి ఓపిగ్గా చెప్పేవాళ్లు తెలిసినా చెప్పండి, ఆదివారాలు మాత్రమే ఖాళీ.

1917 సభ మిగతా కథ వచ్చే భాగంలో.