జోడేఘాట్ పోరు: నవల చదివినం, చరిత్ర చదివినం

ఏటా ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్ పోతున్నం, జెండా ఎత్తి వస్తున్నం. 1940ల అక్కడ పోరు ఎందుకైందో మనల ఎంతమందిమి చదివినం? సినిమాల భీం ఢిల్లీల తెల్లోళ్లతోని కొట్లాడిండు. మన భీం కొట్లాడింది నిజాం పోలీసులతోని, ఈ కొండల్లనే.

మేము ముందు చదివింది అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల. రాజయ్య సారుది మన పక్క కరీంనగరే. సిద్దిఖ్‌తోని గొడవ, అస్సాం చాయ్ తోటలు, తిరిగొచ్చి పన్నెండు గోండు, కోలాం గూడేలను ఒక్కటి చేసుడు... చదువుతుంటే తాత పక్కన నెగడు కాడ కూసున్నట్టే ఉంటది. అయితే అందులోని ప్రతి మాటా భీం నోటి మాటే అనుకోవద్దు, అది నవల.

తర్వాత హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా మనిషి, పోరైన మరుసటి ఏడాదే, 1941ల, గోండుల నడుమకు వచ్చిండు. మార్లవాయిల ఉన్నడు. నిజాం సర్కారు కోసం రిపోర్టులు రాసినోడు కదా, భీంనే తప్పు పడతడనుకున్నం. కానీ ఆయన వేలు భూమి దిక్కు చూపెట్టింది. తరాలుగా దున్నిన చేన్లను రిజర్వు ఫారెస్టుల కలిపిండ్రు, పట్టాలేమో బయటోళ్ల పేరు మీదికి పోయినయి. సర్కారు కాగితమే మన తాతల మాటకు సాక్ష్యమైంది. మాకు ఒళ్లు జలదరించింది.

ఈ పుస్తకాలల్ల దొరకని ముచ్చట్లు మన ముసలోళ్ల నోళ్లల్ల ఇంకా ఉన్నయి. దండారికి ఊరికి పోయినప్పుడు అడగండి, ఫోన్ల రికార్డు చేయండి. గోండిలోనే, కోలామిలోనే.