విశాఖ అమ్మకపు పన్ను, కంపెనీ పౌరసత్వం

కంపెనీ పౌరుడవుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల దాకా వెళ్ళడానికి ఒక కారణం, విశాఖపట్నం వాణిజ్య పన్నుల అధికారి అడిగిన అమ్మకపు పన్ను. అడిగింది స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌ని. 1956లో కంపెనీల చట్టం కింద రిజిస్టరైన ఆ సంస్థ వాటాలన్నీ రాష్ట్రపతి పేర, ఇద్దరు కేంద్ర అధికారుల పేర ఉండేవి. అంటే ప్రభుత్వ సొమ్ముతో నడిచే సంస్థే, వ్యాపారం చేసుకునే తన ప్రాథమిక హక్కును మరో ప్రభుత్వం కాలరాస్తోందని 19వ అధికరణం పట్టుకుని కోర్టుకెక్కింది. ఆ అధికరణం హక్కులిచ్చింది పౌరులకు. రాజ్యాంగమైనా, 1955 పౌరసత్వ చట్టమైనా పౌరులంటే మనుషులనే ఎంచాయి కనుక కంపెనీకి ఆ హక్కులు లేవని 1963లో మెజారిటీ తేల్చింది. జస్టిస్ దాస్‌గుప్తా, జస్టిస్ జె.సి.షా ఒప్పుకోలేదు. నా లెక్కలో మెజారిటీదే సరైన మాట. చట్టం ముందు సమానత్వం చెప్పే 14వ అధికరణం కంపెనీలకూ వర్తిస్తూనే ఉంది కాబట్టి, వాటిని కోర్టు గడప బయట నిలబెట్టినట్టేమీ కాలేదు.

అయినా వాటాదారు వెనక నుంచి కంపెనీ లోపలికి రావచ్చు కదా? ఈ దారి కొత్తది కాదు. 1949లో మూతపడ్డ షోలాపూర్ మిల్లును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నప్పుడు చిరంజిత్ లాల్ అనే వాటాదారు కేసు వేసి ఓడిపోయాడు. అదే మిల్లు వాటాల మీద ఇంకా డబ్బు కట్టమన్నప్పుడు మరో వాటాదారు ద్వారకాదాస్ 1953లో గెలిచాడు. దెబ్బ అతని జేబుకే తగిలింది మరి. 1964లో టాటా ఇంజనీరింగ్ వాటాదారులు కంపెనీ నష్టాన్నే తమ నష్టంగా చూపబోతే కోర్టు కుదరదంది. కానీ 1970లో, పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ మీద వాటాదారు కూపర్ వేసిన పిటిషన్‌ను అదే జస్టిస్ షా తీర్పు అనుమతించింది. 1963లో తలుపు తెరవాలన్న ఆయనే ఇప్పుడు పక్క తలుపు తీశారనిపిస్తుంది.

మనిషిని ముందు నిలబెట్టడం వట్టి తంతేనని, నేరుగా కంపెనీకే హక్కు ఇవ్వవచ్చు కదా అని వాదించేవారున్నారు. ఆ తంతుకో ప్రయోజనముంది. ఏ మనిషి ఏం కోల్పోయాడో పిటిషనరు చెప్పి తీరాలి. 1972 న్యూస్‌ప్రింట్ కేసులో అది తేటగా కనిపించింది. పత్రికకు పది పేజీలే పరిమితి అంటే సంపాదకుడికి రాసే చోటు, పాఠకుడికి చదివే వార్త తగ్గుతాయి. ఆ నష్టం, ఆ కేసులోని పత్రికా సంస్థ బెనెట్ కోల్మన్ కంపెనీ లాభనష్టాల పట్టీలో దొరకదు. బ్యాంకు వాటాదారు నష్టాన్ని మాత్రం పరిహారం పెంచి తీర్చవచ్చు. రెంటినీ ఒకే తక్కెడలో తూచడం నాకు రుచించదు. ఇంతా చేసి, చట్టం ఉద్దేశాన్ని కాక మనిషి హక్కుపై దాని ప్రభావాన్ని చూడాలన్న సూత్రాన్ని బలంగా నిలబెట్టింది ఆ కూపర్ తీర్పే. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసుకు అదే ఆధారమైంది. అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300ఎ అధికరణంలో పెట్టింది. అది పౌరులకే పరిమితం కాదు. అక్కడ కంపెనీకి వాటాదారుతో పనిలేదు, కాకపోతే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు కాక, హైకోర్టుకు వెళ్ళాలి.