పట్టుకాని పట్టు, కిడ్నీకాని కిడ్నీ

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య తెలుగు మాటలు చెవిన పడతాయి. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి షోలాపూర్, భీవండి, సూరత్‌లకు తరలిన పద్మశాలీ కుటుంబాలవి. జరీకి పేరుపడ్డ ఈ ఊరు ఇరవయ్యో శతాబ్దంలో ఆర్ట్ సిల్కు ఊరైంది. ఆర్ట్ సిల్కు పట్టుపురుగు కట్టిన గూటిలోంచి రాదు. చెట్టు గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, రసాయనాలతో కరిగించి, సన్నటి రంధ్రాల గుండా పిండితే వచ్చే దారం అది. పేరు విస్కోస్ రేయాన్. అదే ద్రావణాన్ని రంధ్రాలకు బదులు సన్నటి చీలికలోంచి వదిలితే పల్చటి పొర వస్తుంది, దాన్ని సెలోఫేన్ అంటారు. అగరుబత్తి పెట్టెలకూ మిఠాయి డబ్బాలకూ చుట్టిన ఆ జిలుగు కాగితంతోనే మనిషి ప్రాణం నిలిపిన మొదటి కృత్రిమ కిడ్నీ తయారైంది.

దాన్ని చేసిన విలెం కోల్ఫ్ డచ్ వైద్యుడు. అది 1943, హాలండ్ జర్మనీ ఆక్రమణలో ఉంది. కంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో ఆయనకు దొరికిందల్లా సరంజామాయే. మాంసం కూరే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క పట్టీల డ్రమ్ము చుట్టూ ఇరవై మీటర్ల దాకా చుట్టి, ఉప్పునీళ్ల తొట్టిలో సగం మునిగేలా తిప్పాడు. గొట్టంలో రోగి నెత్తురు, బయట ఉప్పునీళ్లు. పొరలోని కంటికి కనిపించని రంధ్రాల్లోంచి యూరియా నీళ్లలోకి జారిపోతుంది, రక్తకణాలు లోపలే ఉండిపోతాయి. సూత్రం కొత్తదేమీ కాదు. థామస్ గ్రాహం అనే స్కాట్లండ్ రసాయనవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే దానికి డయాలసిస్ అని పేరు పెట్టాడు. 1913లో అమెరికాలో జాన్ ఏబెల్ బృందం కుక్కల మీద ప్రయత్నించింది, నెత్తురు గడ్డకట్టకుండా జలగల నోటి ద్రవం వాడింది. కోల్ఫ్ యంత్రమెక్కిన తొలి రోగుల్లో దాదాపు అందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక స్త్రీ స్పృహలేని స్థితి నుంచి లేచింది. నాజీలకు సహకరించిందని ఊరంతా అసహ్యించుకునే ఖైదీ ఆమె. కోల్ఫ్ అదేమీ చూడలేదు. కళ్లు తెరవగానే మొగుడికి విడాకులిస్తానందని చెబుతారు.

అయితే ఆ యంత్రం తాత్కాలికంగా పాడైన కిడ్నీలకే పనికొచ్చింది. శాశ్వతంగా చెడితే వారానికి మూడుసార్లు నెత్తురు శుద్ధి చేయాలి, ప్రతిసారీ రక్తనాళం కోయాలి, కొన్నాళ్లకు కోయడానికి నాళాలే మిగలవు. 1960లో సియాటిల్ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి శాశ్వతంగా టెఫ్లాన్ గొట్టం అమర్చి ఆ చిక్కు విప్పాడు. వెంటనే ఇంకో చిక్కు మొదలైంది. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరిని బతికించాలో తేల్చడానికి ఊరి పెద్దలతో ఒక కమిటీ వేశారు. ఉద్యోగం, సంసారం, చర్చికి వెళ్లే అలవాటు దాకా లెక్కలోకి తీసుకున్నారు. ఆ కమిటీ పేరు చెబితే వైద్యనీతి శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. మన దగ్గర అలాంటి కమిటీ అవసరం రాలేదు. ఆ పని డబ్బు చూసుకుంది.

1966 నుంచి గొట్టం పోయి ఫిస్ట్యులా వచ్చింది. మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టేస్తారు, సిర ఉబ్బి సూదికి అనువుగా మారుతుంది. దాని మీద వేలు పెడితే సన్నగా గుర్రుమంటుంది, ఆ గుర్రు ఆగిపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువు మోయకూడదు. కండె ఎత్తే చేతికి, మగ్గం ఆపే చేతికి ఇది చిన్న షరతు కాదు. వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు యంత్రం పక్కన గడవాలి. ఒక్కో విడతకు దాదాపు 120 లీటర్ల శుద్ధజలం డయాలసిస్ ద్రవంగా ప్రవహిస్తుంది. మరి రోజు కూలీ సంగతేమిటి? ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ పథకం 2016లో మొదలై పేదల ఖర్చు తగ్గించింది, పోయిన పనిదినాలను మాత్రం తిరిగివ్వలేదు. పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ ఇలాంటివాళ్లకు నయం, కాకపోతే శుభ్రమైన గది కావాలి. ఇరుకు గదుల్లో నలుగురైదుగురు సర్దుకునే చోట అదీ కష్టమే.

మిగిలింది మార్పిడి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే కవల సోదరుల మధ్య కిడ్నీ మార్చి దారి చూపాడు. మన దేశంలో విజయవంతమైన తొలి మార్పిడి 1971లో వెల్లూరు సీఎంసీలో జరిగింది. ఒళ్లు పరాయి అవయవాన్ని తిప్పికొట్టకుండా అడ్డుకునే సైక్లోస్పోరిన్ 1980లలో రావడంతో గెలుపు ఖాయమవుతూ వచ్చింది. గుజరాత్‌లో ఈ కథకు కేంద్రం అహ్మదాబాద్. కెనడాలో హాయిగా ప్రాక్టీసు చేసుకుంటున్న డాక్టర్ హర్గోవింద్ త్రివేది 1977లో తిరిగొచ్చి, సివిల్ ఆసుపత్రి ఆవరణలో కిడ్నీ వ్యాధుల సంస్థను నిలబెట్టారు. 2015లో పద్మశ్రీ అందుకుని, 2019లో కన్నుమూశారు. సూరత్‌లో దానంగా వచ్చిన కిడ్నీలు ఏళ్ల తరబడి సుమారు 260 కిలోమీటర్ల రోడ్డు మీద ఆ సంస్థకే వెళ్లాయి, పోలీసులు దారి ఖాళీ చేయిస్తుంటే అంబులెన్సులో.

వెళ్లడానికి ముందు ఎవరో ఒకరు అడగాలి కదా! సూరత్ ప్రత్యేకత అక్కడే ఉంది. తండ్రి కిడ్నీ జబ్బుతో, డయాలసిస్‌తో పడ్డ అవస్థ చూసిన నీలేష్ మండ్లేవాలా, బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబాలను కలిసి దానానికి ఒప్పించే పని తలకెత్తుకున్నాడు. ఆ పనే ‘డొనేట్ లైఫ్’ సంస్థగా రూపుదిద్దుకుంది. 2020 డిసెంబరులో రెండున్నరేళ్ల సూరత్ బాబు గుండె, ఊపిరితిత్తులు చెన్నైలో ఇద్దరు విదేశీ పిల్లలకు అమరాయి. ఇది డాక్టరు చదువుతో వచ్చే విద్య కాదు. ఐసీయూ బయట కన్నీళ్లు పెట్టుకుంటున్న అన్నదమ్ముల పక్కన కూర్చుని, గుండె కొట్టుకుంటున్నా మనిషి పోయాడని వాళ్లే గ్రహించేదాకా ఓపిక పట్టాలి. 1994 చట్టం బ్రెయిన్ డెత్‌ను మరణంగా గుర్తించింది. నలుగురు వైద్యుల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు ధ్రువీకరించాలని నియమం పెట్టింది. చట్టం వచ్చింది కదా అని దాతలు వచ్చెయ్యలేదు. యంత్రాలు, మందులు, చట్టాలు అన్నీ సమకూరాక కూడా కిడ్నీ మార్పిడి ఈ అడిగే మనిషి మీదే ఆగి ఉందన్నది నా నమ్మకం.

2023లో దేశం మొత్తం మీద మరణానంతర దాతలు 1,099 మంది. అందులో తెలంగాణ 252 మందితో మొదటి స్థానంలో ఉంది, గుజరాత్ లెక్క 146. తెలంగాణ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌కు దక్కాల్సిన మెప్పు ఇది, మనవాళ్లకే అంతగా తెలియదు. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ శ్రీకాకుళం ఉద్దానం మాత్రం అందరికీ తెలుసు. జబ్బు పుట్టిన చోటికి మనం ఇచ్చినంత ప్రచారం, జబ్బుకు విరుగుడు దొరికే చోటికి ఇవ్వలేదు.

సూరత్‌లో ఉన్నా సిరిసిల్లలో ఉన్నా బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి మాత్రలు మింగడం మానండి. అవయవదానం చేస్తానని కార్డు మీద సంతకం పెట్టి ఊరుకోకండి, ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఆ రోజు ఒప్పుకోవాల్సింది వాళ్లే.