జూడోలో మొదటి పాఠం: అడుగు నేలని తాకే ఆ ఒక్క క్షణం

మీ ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఈ క్లిప్ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. తెల్ల డ్రెస్సుల్లో ఇద్దరు ఒకరి కాలర్ ఒకరు పట్టుకుని మెల్లగా నడుస్తుంటారు. ఉన్నట్టుండి ఒకతను అరటి తొక్క మీద కాలేసినట్టు జర్రున జారి వెల్లకిలా పడతాడు. రెండోవాడు చేసింది చూస్తే పెద్దగా ఏమీ ఉండదు, పాదాన్ని అలా పక్కకి కదిపాడంతే. కింద కామెంట్లలో "ఇది ఫేక్ బ్రో" అని ఒక పది ఉంటాయి.

అది ఫేక్ కాదు. దాని పేరు దే-ఆషి-బరాయ్. జపనీస్‌లో "ఆషి" అంటే కాలు. "బరాయ్" అంటే ఊడ్చేయడం, మనం చీపురుతో వాకిలి ఊడుస్తాం చూడండి, అలా. మొదట్లో ఉన్న "దే" అంటే ముందుకొస్తున్న అని. మొత్తం కలిపితే "ముందుకొస్తున్న కాలిని ఊడ్చేయడం". ఏ కాలిని, ఎప్పుడు అనేది పేరులోనే చెప్పేశారు. ఈ "ఎప్పుడు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఇవాళ్టి కథంతా దాని చుట్టూనే.

కథ 1877లో మొదలవుతుంది. జపాన్‌లో సమురాయ్‌ల కాలం అప్పుడే ముగిసింది. కత్తి పట్టుకుని తిరగడం నిషేధం అయిపోయింది. పాత యుద్ధవిద్యలు నేర్పే గురువులకి శిష్యులు కరువయ్యారు. అందరి చూపూ రైళ్లు, టెలిగ్రాఫ్, ఇంగ్లీషు చదువుల మీదే. సరిగ్గా అప్పుడు టోక్యోలో చదువుకుంటున్న జిగోరో కానో అనే కుర్రాడు జుజుత్సు గురువుల్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. 1860లో పుట్టాడు, మనిషి పొట్టి, సన్నం. చదువులో ఫస్టే కానీ తోటి పిల్లలు బాగా ఏడిపించేవాళ్లు. బలం లేనివాడు బలమున్నవాణ్ణి ఎదుర్కొనే దారేదైనా ఉందా అన్నదే అతని ప్రశ్న.

చివరికి ఫుకుదా హచినోసుకే అనే గురువు దొరికాడు. ఒకరోజు కానో "ఈ త్రోలో చెయ్యి ఎలా పెట్టాలి, కాలు ఎక్కడ వెయ్యాలి" అని అడిగితే, ఆయన రమ్మని పిలిచి ఎత్తి పడేశాడట. మళ్లీ అడిగితే మళ్లీ పడేశాడు. చేస్తూ పోతే అదే వస్తుంది, ప్రశ్నలు అనవసరం అన్నది ఆయన పద్ధతి. ఈ సంగతి కానోయే తర్వాత తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. మనలో చాలామందికి ఇలాంటి క్లాసులు పరిచయమే కదా. ఫార్ములా బట్టీ పట్టు, ఎందుకని అడక్కు!

కానో మాత్రం అడగడం ఆపలేదు. 1882లో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో చోటు తీసుకుని, కేవలం 12 తతామి చాపల గదిలో, కొద్దిమంది శిష్యులతో కోదోకాన్ మొదలుపెట్టాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. ఒకపక్క తను పాఠాలు చెప్తూనే, ఇంకోపక్క కితో-ర్యూ గురువు ఈకుబో దగ్గర నేర్చుకుంటున్నాడు. ఈకుబో వయసులో చాలా పెద్దాయన, అయినా ప్రాక్టీసులో ఎప్పుడూ ఆయనదే పైచేయి. మూడేళ్ల తర్వాత ఒకరోజు సీన్ రివర్స్ అయింది. కానో వరసగా త్రోలు వేస్తున్నాడు, గురువు పడుతున్నాడు. ఏం మారిందని గురువు ఆశ్చర్యపోయాడు. కానో పట్టుకున్న విషయం ఇది: ఎదుటివాణ్ణి ముందు బ్యాలెన్స్ తప్పించాలి, త్రో తర్వాత. దీనికి జపనీస్ మాట కుజుషి.

ఇప్పుడు మన కాలి ఊడ్పుకి వద్దాం. దీన్ని కొంచెం ఇంజనీరింగ్ కళ్లతో చూద్దాం. ఎదుటివాడు కుడికాలు ముందుకేస్తున్నాడు అనుకోండి. ఇందులో మూడు దశలు ఉంటాయి. ఒకటి, కాలు ఇంకా గాల్లో ఉంది. అప్పుడు కొడితే ఏమీ కాదు, బరువంతా వెనక కాలి మీదే ఉంది కాబట్టి నిలబడే ఉంటాడు. రెండు, కాలు నేల మీద ఆనింది, బరువంతా దాని మీదకొచ్చేసింది. అప్పుడు కొడితే కరెంటు స్తంభాన్ని తన్నినట్టే, మీ కాలికే నొప్పి. ఈ రెండిటి మధ్య ఇంకో దశ ఉంది. పాదం నేలని తాకుతోంది, శరీరం బరువు దాని మీదకి బయల్దేరింది, కానీ ఇంకా పూర్తిగా చేరలేదు. పాదం కింద పట్టు తక్కువ. మనిషి మాత్రం ఆ అడుగుని నమ్మి ముందుకొచ్చేశాడు, ఇక వెనక్కి తీసుకోలేడు. సరిగ్గా అప్పుడు మీ అరికాలిని అతని మడమ పక్కన ఆనించి, చేత్తో అతని చొక్కా చెయ్యిని కిందకి లాగుతూ ఊడ్చేస్తే, కాలు ఒకవైపు పోతుంది, ఒళ్లు ఇంకోవైపు పోతుంది. బలం దాదాపు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది కొత్తవాళ్లు చేసేది తన్నడం. కాలి ముందెముకతో టక్కున కొడతారు. అది ఊడ్చడం కాదు. అరికాలు ఎదుటివాడి పాదానికి అతుక్కుని దాంతోపాటే సాగాలి, చిటికెనవేలి అంచు చాప మీద రాసుకుంటూ వెళ్లాలి. అందుకే క్లాసులో దీన్ని నడుస్తూ నేర్పుతారు. ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి, అడుగడుక్కీ మెల్లగా ఊడుస్తూ పోవాలి. పడేయడం తర్వాత సంగతి, ముందు ఆ లయ పట్టుబడాలి.

1895లో కోదోకాన్ తన త్రోలని ఐదు గుంపులుగా సర్దింది. దాని పేరు గోక్యో. 1920లో దాన్ని సవరించి, గుంపుకి ఎనిమిది చొప్పున 40 త్రోలు పెట్టారు. ఆ లిస్టులో నంబర్ వన్ ఏంటో తెలుసా? దే-ఆషి-బరాయ్. తమాషా ఏంటంటే, పోటీల్లో దీన్ని నిజంగా వేయడానికి ఏళ్లు పడుతుందని జూడో వాళ్లే చెప్తారు. మరి అంత కష్టమైనదాన్ని మొదటి పాఠంగా ఎందుకు పెట్టారు? నాకు అర్థమైనంతలో, కదలిక సింపుల్, పడే ఎత్తు తక్కువ, కాబట్టి మొదటిరోజే మొదలుపెట్టొచ్చు. పైగా కానో కనిపెట్టిన అసలు సంగతి ఇందులో ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది. భుజబలంతో ఎత్తే త్రోలో టైమింగ్ తప్పినా కొంత నెట్టుకురావచ్చు. ఇందులో ఆ చాన్స్ లేదు.

అలాగని "టెక్నిక్ ఉంటే సైజుతో పనిలేదు" అనే డైలాగ్‌ని గుడ్డిగా నమ్మకండి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి వచ్చింది. బరువు పరిమితి లేని ఓపెన్ విభాగం ఫైనల్లో డచ్ ఆటగాడు ఆంటన్ గేసింక్, జపాన్ వాళ్ల సొంత గడ్డ మీద కమినాగాని ఓడించాడు. గేసింక్ ఎత్తు దాదాపు 2 మీటర్లు, టెక్నిక్‌లోనూ తక్కువేం కాదు. బరువు లెక్కలోకి వస్తుంది కాబట్టే ఈరోజు వెయిట్ క్యాటగిరీలు ఉన్నాయి. 2010 తర్వాత అంతర్జాతీయ పోటీల్లో చేతులతో కాళ్లు పట్టుకోవడాన్ని అడ్డుకున్నారు కాబట్టి, ఎదుటివాడి కాలి మీద దాడి చేయాలంటే మీకు మిగిలింది మీ కాలే. అంటే వందేళ్లనాటి మొదటి పాఠానికి ఇప్పుడు విలువ ఇంకా పెరిగింది.

మన దేశానికీ ఇందులో ఒక పాత లింకుంది. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానం మీద షింజో తకగాకి అనే కోదోకాన్ గురువు శాంతినికేతన్ వచ్చి జూడో నేర్పాడు. అక్కడ అమ్మాయిలు కూడా నేర్చుకున్నారు. ఒలింపిక్స్‌లో మహిళల జూడోకి పతకాలు మొదలైంది 1992లో. అరవై ఏళ్ల తేడా, ఆలోచించండి.

చివరిగా ఒక్క మాట. ఇది చూసి ఇంట్లో టైల్స్ మీద తమ్ముడి మీదో, హాస్టల్లో రూమ్మేట్ మీదో ట్రై చేయకండి, ప్లీజ్. జూడోలో ఎదుటివాణ్ణి పడేయడం కన్నా ముందు మనం పడటం నేర్పుతారు, దాన్ని ఉకెమీ అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకి తగలకుండా, చేత్తో చాపని చరుస్తూ పడాలి. అది రాకుండా వెల్లకిలా పడితే తల పగులుతుంది, అది జోక్ కాదు. దగ్గర్లో మ్యాట్, కోచ్ ఉన్న చోటు ఉంటే ఒకసారి వెళ్లి అడగండి, "నాకు ముందు పడటం నేర్పండి" అని. ఎందుకు, ఎలా అని ప్రశ్నలు కూడా అడగండి. అలా అడిగిన ఒక కుర్రాడి వల్లే ఈ ఆట పుట్టింది.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్తగా అడుగేయండి, బై.